సర్పంచ్ అయిన మేనకోడలికి, ఇళ్ల పని గురించి

చిరంజీవి మేనకోడలికి నీ మామయ్య ఆశీస్సులతో రాయునది.

మన తెలంగాణ ప్రభుత్వ పథకం కింద మీ ఊరికి 24 ఇందిరమ్మ ఇళ్లు మంజూరైతే తొమ్మిదింటికే పునాదికి ముగ్గు పోశారని, మిగిలినవారు ఎప్పుడు అడిగినా "చూద్దాం" అంటున్నారని మొన్న ఫోనులో చెప్పావు. వారికి ఇంటి మీద ఆసక్తి లేదేమోనని కూడా అన్నావు. ప్రభుత్వ ఇళ్లకు కొలతలు తీసి బిల్లులు రాసే పనిలో ముప్పై ఏళ్లు గడిపినవాడిని కనుక నాకు ఆ "చూద్దాం" అర్థం తెలుసు. బేస్‌మెంటు వరకు పెట్టడానికి చేతిలో డబ్బు లేదని నలుగురిలో చెప్పుకోలేనివారు అనే మాట అది.

ఇంటికి 5 లక్షలు అని అందరికీ తెలుసు కాని, అవి ఎప్పుడు వస్తాయన్నది చాలామందికి ఇల్లు మొదలుపెట్టాకే తెలుస్తుంది. పథకం మొదట్లో పెట్టిన లెక్క ప్రకారం బేస్‌మెంటు పూర్తయ్యాక లక్ష, గోడలు లేచాక లక్షా 25 వేలు, స్లాబు పడ్డాక లక్షా 75 వేలు, అంతా పూర్తయ్యాక చివరి లక్ష. ప్రతి విడతా జరిగిన పనికి వచ్చే డబ్బే, జరగబోయే పనికి ముందుగా ఇచ్చేది ఒక్కటీ లేదు. కట్టని ఇంటికి బిల్లు ఎత్తకుండా ఉండాలంటే ఈ పద్ధతి అవసరమే, దాన్ని నేను తప్పు పట్టను. అయితే గ్రామసభలో మనం ఏరి ఏరి ఎంపిక చేసేది గుడిసెలో, రేకుల కింద ఉండే నిరుపేదలను, ఆ తరువాత పథకం వారిని అడిగేది ముందు ఎనభై వేలో లక్షో మీ జేబులోంచి పెట్టి చూపించమని. ఎవరికి ఇల్లు ఎక్కువ అవసరమో వారే ఆ మొదటి మెట్టు దగ్గర ఆగిపోతారు. సర్పంచ్‌గా నీవు చేయగలిగిన అసలు సాయం ఆ మెట్టు దగ్గరే ఉంది.

ముందుగా మీ గ్రామ సంఘం పుస్తకాలు తెప్పించి, ఇంకా మొదలుపెట్టని ఈ పదిహేను మంది ఆడవాళ్లలో ఎవరెవరు మహిళా సంఘంలో ఉన్నారో, ఎవరికి పాత అప్పు తీరిందో చూడు. పని మొదలుపెట్టలేని నిరుపేద లబ్ధిదారులకు మహిళా సంఘాల ద్వారా లక్ష వరకు అప్పు ఇప్పించే ఏర్పాటు ఉంది, మహిళా సంఘాలకు అప్పులిచ్చే స్త్రీ నిధి సంస్థ కూడా ఉంది. మండలంలో మహిళా సంఘాల పని చూసే అధికారి ఐకేపీ ఏపీఎంను కలిసి, ఒక్కొక్కరి దరఖాస్తు వేరువేరుగా కాక పదిహేనూ ఒకే రోజున కదిలేలా చూడు. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. బేస్‌మెంటు బిల్లు పడగానే ఆ లక్షను పూర్తిగా అప్పు కింద జమ చేసుకుంటే సంఘం లెక్క సరిపోతుంది కాని, గోడలకు ఇటుక కొనడానికి రూపాయి మిగలదు, ఇల్లు మళ్లీ అక్కడే ఆగుతుంది. కనుక అప్పును నెలవారీ కిస్తీలుగా పెట్టించు, మొదటి బిల్లును గోడల వైపు పోనివ్వు. సంఘంలో లేని వితంతువులు, ఒంటరి స్త్రీలు ఉంటే వారిని ముందే చేర్పించాలి. లేకపోతే వారు వడ్డీకి ఇచ్చేవారి దగ్గరకు వెళ్లి నూటికి మూడు రూపాయలకు తెచ్చుకుంటారు.

ఇక కొలత. కనీసం 400 చదరపు అడుగులు ఉండాలి, 600 దాటకూడదు. దాటితే బిల్లు ఆగుతుంది. నా మాట వింటే ఐదు లక్షలు తప్ప వేరే దిక్కు లేనివారిని 400 దగ్గరే ఉంచు. చదరపు అడుగుకు ఇంచుమించు 0.4 బస్తా సిమెంటు పడుతుందని మేస్త్రీలందరికీ తెలిసిన లెక్కే, ఆ ప్రకారం 400 అడుగులకు 160 బస్తాలు, 600 అడుగులకు 240. ఆ తేడా 80 బస్తాలకు సలాక, ఇటుక, కూలి కలుపుకుంటే ఎంత అవుతుందో నీవే లెక్కకట్టు. బిల్లు మాత్రం రెండింటికీ ఒకటే.

ఈ విషయంలో నా తప్పు ఒకటి ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఊళ్లో తాపీ కూలీ ఒకాయన మంజూరైన కొలత కన్నా చాలా పెద్దగా ముగ్గు పోయించుకున్నాడు. కొడుకులిద్దరికీ చెరొక గది కావాలన్నాడు. బతికినన్నాళ్లు ఉండే ఇల్లు కదా అని నేను టేపు చుట్టుకుని వచ్చేశాను, అడ్డు చెప్పలేదు. నాలుగేళ్ల తరువాత ఆ దారిన వెళితే గోడలు కిటికీ ఎత్తున ఆగి ఉన్నాయి. మూల పిల్లరు నుంచి పైకి వచ్చిన సలాకలు తుప్పు పట్టాయి, ఒక సలాకకు బర్రెను కట్టేశారు, అది తల విదిలించినప్పుడల్లా సలాక ఊగుతోంది. లోపల రెండో గదిలో తుమ్మ మొక్క నా నడుము దాకా పెరిగింది. ఆ కుటుంబం పక్కనే ఉన్న పాత గుడిసెలోనే ఉంది. ఆ రోజు నేను ముగ్గు చెరిపించి ఉంటే ఆయన నన్ను తిట్టేవాడు, కాని స్లాబు కింద పడుకునేవాడు. అందుకే చెబుతున్నాను, ముగ్గు పోసే రోజున కార్యదర్శితో పాటు నీవు స్వయంగా నిలబడి కొలిపించు. తరువాత గది వేసుకోవాలనుకునేవారికి ఆ వైపు జాగా వదిలి, మెట్లకు వీలుగా కట్టమని చెప్పు. కేంద్రం 2016లో తెచ్చిన గ్రామీణ ఆవాస్ పథకంలో కనీస కొలత 25 చదరపు మీటర్లు, అంటే సుమారు 270 అడుగులే. దానితో పోలిస్తే మన 400 చిన్నదేమీ కాదు.

నేల సంగతి కూడా ముగ్గుకు ముందే తేలాలి. మీ ఊరికి ఉత్తరాన ఎర్రనేల గట్టిగా ఉంటుంది, అక్కడ మామూలు లోతు చాలు. వాగు వైపు ఉన్నది నల్లరేగడి. అది వానకు ఉబ్బి ఎండకు పగుళ్లిస్తుంది, పైపైన పునాది వేస్తే రెండో వేసవికే గోడ చీలుతుంది. అక్కడి ఐదారు ఇళ్లకు పునాది ఖర్చు తప్పనిసరిగా పెరుగుతుంది కనుక సంఘం అప్పులో వారికి ముందు పీట వేయాలి. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు)తో గుంత తీయించి చూపించాకే ఎంత లోతో రాయించుకో.

ఈ ఐదు లక్షలూ ఎక్కడివని నీవు అడిగావు కనుక క్లుప్తంగా చెబుతాను. కేంద్ర పథకం కింద మైదాన ప్రాంతాల్లో ఇంటికి 1,20,000 రూపాయలు, అందులో 60 శాతం కేంద్రానిది, 40 శాతం రాష్ట్రానిది. అంటే కేంద్రం ఇచ్చేది 72 వేలే. మన దగ్గర ఇంటి ఖర్చులో పెద్ద భాగం రాష్ట్ర బడ్జెట్ నుంచి, రాష్ట్రం తెచ్చే అప్పుల నుంచి రావాలి. ఆ 72 వేలైనా రావాలంటే లబ్ధిదారు పేరు కేంద్రం సర్వే జాబితాలో ఉండాలి, కాబట్టి సర్వే అన్నప్పుడు మనకెందుకులే అని ఎవరినీ వదిలేయవద్దు. కేంద్ర పథకంలో ఇంటి పనికి ఉపాధి హామీ కింద 90 రోజుల కూలి లెక్కకట్టే పద్ధతి ఉంది, మరుగుదొడ్డికి 12 వేలు విడిగా ఉన్నాయి. ఎవరికి ఏది వర్తిస్తుందో ఎంపీడీఓ కార్యాలయంలో పేరు పేరునా అడిగి తెలుసుకో. ఇసుక ఉచితమే కాని ట్రాక్టరు కిరాయి ఉచితం కాదు, దాన్ని కూడా ఖర్చులో రాసుకోమని చెప్పు.

బిల్లు ఆగడానికి నేను చూసిన కారణాల్లో సగం కాగితాలవే. ఇల్లు ఆడవారి పేరున వస్తుంది. ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, రేషన్ కార్డులో అత్తింటి ఇంటిపేరు ఉంటే అక్కడే చిక్కు మొదలవుతుంది. రెండు మూడు బ్యాంకు ఖాతాలున్నవారికి, ఆధార్ చివరగా ఏ ఖాతాకు అనుసంధానమైతే డబ్బు అందులోకే పోతుంది. ఒక ముసలమ్మ బిల్లు రాలేదని మూడు నెలలు కార్యదర్శిని తిట్టింది, తీరా చూస్తే ఆమె మరిచిపోయిన పాత ఖాతాలో అది భద్రంగా ఉంది. పంట రుణం బాకీ ఉన్న ఖాతాలో పడితే తీసుకోవడానికి ఇంకా తిప్పలు. పదిహేను మందినీ ఒక పూట పంచాయతీ దగ్గర కూర్చోబెట్టి ఇవన్నీ సరిచేయించు. ఫొటో తీసి యాప్‌లో పెట్టవలసిన రోజు దాటకుండా కార్యదర్శికి గుర్తుచేయడం నీ పని. ఆయనకు ఇళ్లొక్కటే కాదు, సవాలక్ష పనులుంటాయి.

ఇల్లిల్లూ వేరుగా కాకుండా ఐదేసి ఇళ్లు ఒక జట్టుగా నడిపించమని నా సలహా. జేసీబీ ఒకసారి వచ్చి ఐదింటికీ గుంతలు తీస్తుంది, ఒకే సెంట్రింగ్ సామాను వరుసగా తిరుగుతుంది, సిమెంటు లారీతో దింపితే దుకాణదారు ధర తగ్గిస్తాడు. అయితే విడతకు కావలసినంతే తెప్పించు, మూడు నెలలు నిలవ ఉన్న సిమెంటు బలం తగ్గుతుంది, వానాకాలంలో గడ్డకడుతుంది. మేస్త్రీకి గుత్తకు ఇస్తే ఏ విడతకు ఎంతో కాగితం మీద రాసి సంతకాలు చేయించు, పదో వంతు చివరి వరకు ఆపుకోమను. ముందే మొత్తం తీసుకున్న మేస్త్రీ పక్క ఊళ్లో పని పట్టుకుంటాడు, అది మనిషి స్వభావం, కోపగించుకుని లాభం లేదు. స్లాబు మీద మళ్లు కట్టి 14 రోజులు నీళ్లు నిలపడం ఇంటివారే చూసుకోవాలి. ఎండాకాలంలో బోరు ఎండితే పంచాయతీ ట్యాంకరు పంపు.

మంజూరు పత్రం మీద గడువు నడుస్తూనే ఉంటుంది, మనవాళ్లు మాత్రం మూఢం, శూన్యమాసం అంటూ ఆగుతారు. వాదనకు దిగకు. పంతులుగారిని ముందే పిలిచి ఆరు నెలల మంచిరోజులు ఒక కాగితం మీద రాయించి పంచాయతీ గోడకు అంటించు.

సొంత జాగా లేనివారి సంగతి వేరు, అది నీ ఐదేళ్లలో అన్నిటికన్నా ఆలస్యమయ్యే పని. ఎల్-2 జాబితాలో, అంటే ఇల్లూ జాగా రెండూ లేనివారి జాబితాలో ఉన్నవారికి ప్రభుత్వ భూమి చూపించమని తహసీల్దారుకు ఇప్పటి నుంచే తీర్మానం పంపు. చెరువు శిఖంలో, అంటే చెరువు నీళ్లు నిలిచే నేలలో మాత్రం ఎవరు ఎంత ఒత్తిడి చేసినా ఒప్పుకోవద్దు. ఊరికి రెండు కిలోమీటర్ల అవతల గుట్ట పక్కన చవకగా దొరికే జాగా కూడా వద్దు. రోడ్డు, నీళ్లు, కరెంటు లేనిచోట కట్టిన కాలనీల్లో తలుపులు తెరవని ఇళ్లు నేను చాలా చూశాను. నడిచి బడికి, కిరాణా కొట్టుకు పోగలిగే దూరంలో నలభై గజాలు తక్కువైనా అదే మేలు.

మొదటి జట్టులో వితంతువులు ఉంటే వారినీ, వాగు వైపు ఇల్లు ఒకటీ తప్పకుండా పెట్టు. తేలికైన ఇళ్లతో మొదలుపెట్టి కష్టమైనవి చివరికి తోస్తే అవి అలాగే మిగిలిపోతాయి. ముగ్గు పోసే తేదీ ఖాయం కాగానే కబురు చేయి, నా పాత ఇనుప టేపు ఇంకా సరిగానే చదువుతుంది, తీసుకుని పొద్దున మొదటి బస్సుకే వస్తాను.

ఇట్లు,
నీ మామయ్య