సన్నగా ఉన్నానని సిగరెట్ మానకపోవడం సరైన లెక్కేనా?

మీకు ఇరవై నాలుగేళ్లనీ, రోజుకు నాలుగైదు సిగరెట్లు తాగుతున్నా సన్నగానే ఉన్నారనీ, మానేస్తే లావైపోతానేమోనన్న భయంతో వెనకాడుతున్నారనీ రాశారు. నేను వైద్యురాలిని కాను గానీ, ఏడేళ్లు అచ్చంగా ఇదే లెక్కతో బతికాను.

ఇరవై ఏడో ఏట ఉద్యోగం కోసం చేయించుకున్న పరీక్షల్లో నా బరువు 52 కిలోలే. అయితే నడుము చుట్టుకొలత 83 సెంటీమీటర్లు, పరగడుపు చక్కెర 104, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు) 172, మంచి కొలెస్ట్రాల్ 39 అని తేలింది. స్త్రీలకు నడుము 80కి, చక్కెర 100కి, ట్రైగ్లిజరైడ్లు 150కి లోపే ఉండాలి. మంచి కొలెస్ట్రాల్ 50కి తగ్గకూడదు. ఈ నాలుగూ, రక్తపోటూ కలిపి ఐదింటిలో మూడు గాడి తప్పితే దాన్ని మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు, అంటే మధుమేహం, గుండెజబ్బుల ముప్పు పెంచే స్థితి. నాకు నాలుగు తప్పాయి.

నికోటిన్ ఆకలిని చంపి, శరీరం ఖర్చుచేసే శక్తిని కాస్త పెంచుతుంది కాబట్టి తూకం తక్కువే చూపిస్తుంది. కానీ అదే నికోటిన్ అడ్రినలిన్ వంటి హార్మోన్లను ఎగదోసి, కొవ్వు కణాల్లోని కొవ్వు ఆమ్లాలను రక్తంలోకి వదిలిస్తుంది. దాంతో రక్తంలోని చక్కెరను అదుపులో ఉంచే ఇన్సులిన్‌కు కండరాలు సరిగా స్పందించవు, ఉన్న కొవ్వు కూడా పొట్ట చుట్టూ చేరే వీలు ఎక్కువవుతుంది. పొగతాగేవారికి టైప్ 2 మధుమేహం వచ్చే అవకాశం తాగనివారికంటే 30 నుంచి 40 శాతం ఎక్కువ. పొగ వల్ల స్త్రీ హార్మోన్ అయిన ఈస్ట్రోజెన్ ప్రభావం కూడా తగ్గుతుంది, సగటున ఒకటి రెండేళ్లు ముందుగా ముట్లు ఆగిపోవడానికి అదొక కారణం. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే సిగరెట్ సంగతి డాక్టరు దగ్గర దాచకండి (నేను దాచాను, అది తెలివితక్కువ పని), ఎందుకంటే ఆ రెండూ కలిస్తే గుండెపోటు, పక్షవాతం ముప్పు పెరుగుతుంది, ముఖ్యంగా 35 దాటాక.

మీ భయం వట్టిది కాదు: మానినవారు తొలి ఏడాదిలో సగటున నాలుగైదు కిలోలు పెరుగుతారు, నేనూ నాలుగు పెరిగాను. అయినా పది నెలలకు మంచి కొలెస్ట్రాల్ 47కు చేరింది, చక్కెర 96కు దిగింది. నడుము మాత్రం మొండికేసి, బరువులెత్తే వ్యాయామం మొదలుపెట్టిన ఆరు నెలలకు గానీ 79కి రాలేదు. తూకంలో మాత్రం ఇప్పటికీ 55 కిలోలే చూపిస్తున్నాను.