దర్వాజ కొలతలు

తమ్మీ,

ఆ చిత్రకారిణి మీద నువ్వు రాసిన వ్యాసం చదివిన. 'జ్ఞాపకాల పొరలు' అన్న మాట మొదటి పేజీలోనే 4 సార్లున్నది. ఇంటి బొమ్మలేసే ఎవరికైనా అతికే మాట అది, అందుకే ఆమెకు అతకదు. పాత మహబూబ్‌నగర్ జిల్లాల మక్తల్ దిక్కు ఊరు, బొంబాయికి కూలికి పోయిన అమ్మానాయిన, తాళమేసిన ఇల్లు, అన్నీ చెప్పినవు. బొమ్మలో దర్వాజ ఏ రంగుదో మాత్రం చెప్పలేదు.

ముందుగాల ఆ ఊరికి పో. టేపు, పెన్సిలు, నోటుబుక్కు చాలు. దర్వాజ ఎత్తెంత, దీపం పెట్టే దిగూడు నేల నుంచి ఎంత ఎత్తులో ఉన్నది, కొలిచి రాసుకో. తర్వాత బొమ్మ ముందర నిలబడి అవే మళ్ళ కొలువు. దర్వాజ 5 అడుగులు, దిగూడు 4 అడుగుల మీద అనుకో. బొమ్మలో దర్వాజ 20 అంగుళాలుంటే దిగూడు 16 అంగుళాల మీద రావాలె. ఆమె 19 మీద వేసిందా? అయితే వ్యాసం ఆ 3 అంగుళాల కాడ మొదలుపెట్టు. దీపం చేతికందని ఈడులో చూసిన ఇల్లు కావచ్చు. గొంతుకూసొని చూడు, నాలుగేండ్ల పిల్ల కండ్లు ఇంచుమించు ఆ ఎత్తులోనే ఉంటయి. అయినా ఆమెను అడగకుండ రాయకు, చెయ్యి జారి కూడ ఉండొచ్చు.

సున్నం కాడ నువ్వు బోల్తా పడ్డవు. ఆమె బట్ట మీద సున్నం పూసి కింది అంచున ఎర్రమన్ను జాజు పట్టీ కొడుతది. ఒక బొమ్మకు పెచ్చులూడితే 'జ్ఞాపకం రాలిపోతున్నది' అని రాసేసినవు. బంక ఎంత కలిపిందో అడిగినవా? తుమ్మబంక తక్కువైతే సున్నం చేతికి అంటుతది, ఎక్కువైతే ఎండినంక బిగుసుకొని పగులుతది. పైగా గోడ కదలదు, బట్ట వంగుతది, సున్నం వంగదు. పగుళ్ళు ఒకదాని పక్కన ఒకటి వరుసగ ఉంటే బొమ్మను చుట్టచుట్టి తెచ్చినప్పటివి కావచ్చు. అన్ని దిక్కుల జాలి లెక్క ఉంటే బంకను అనుమానించు. ఊడిన జాగను మళ్ళ పూసే వీలుండి కూడ ఆమె పూయలేదంటే, అప్పుడు రాయి. జాజు ఇనుము మన్ను, ఎండకు వెలవదు. గోడ పోయినా పట్టీ ఎర్రగ మిగిలిన ఆ బొమ్మను నువ్వు ఒక్క వాక్యంతో దాటేసినవు.

పిల్లలమర్రి పేరా తీసెయ్. మహబూబ్‌నగర్ అనంగనే ఆ మర్రిని తెచ్చుడు మనకు అలవాటైంది. ఒక జాగ పేరు ఉండాల్నంటే అలంపురం పెట్టు. శ్రీశైలం డ్యాం నీళ్ళొస్తయని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అక్కడ మళ్ళ కట్టిన్రు. గుడి అదే, పక్కన ఉండే కృష్ణా తుంగభద్రల సంగమం లేదు. ఆమె దర్వాజ కూడ అంతే, ముందర గల్లీ లేదు.

'ఇల్లంటే మీకేంది?' అని అడగకు, కాగితం మాటలే వస్తయి. వాన పడితే వాకిట్ల నీళ్ళు ఏ దిక్కు పోయేవి, రాత్రి తల ఎటు పెట్టి పండేది, అట్ల అడుగు. చెప్తుంటే చెయ్యి గాలిలో తిరుగుతది, అది రాసుకో. కొలతలన్నీ వ్యాసంలో కుక్కకు, రెండు చాలు.

తాళంచెవి ఎవరి దగ్గరున్నదో ఇప్పుడే కనుక్కో. పక్కింటోళ్ళ దగ్గరుంటే పొద్దున ఏడింటికే పో, తర్వాత వాళ్ళు చేనుకు పోతరు.