పేపర్ కటింగ్ సాక్ష్యం కాదు

ప్రశ్న: మాది రాజోలు దగ్గర లంక గ్రామం. డ్వాక్రా గ్రూపు లీడర్‌ని. 2024 ఏప్రిల్ చివర్లో ఒక అభ్యర్థి ప్రచార సభలో మైకులో నా పేరెత్తి బూతులు మాట్లాడాడు. మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో వచ్చింది. అప్పట్నుంచి ఊళ్ళో తలెత్తుకోలేకపోతున్నాను. ఆ కటింగ్‌తో పరువునష్టం కేసు వేయవచ్చా?

జవాబు: నాలుగు పేజీల ఉత్తరంలో కేసుకు పనికొచ్చే మాట ఒక్కటే ఉంది. అదీ చివర్లో, మాటవరసకు రాశారు: ‘మా మరిది ఫోన్‌లో వీడియో తీశాడు, ఆ ఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేశాం.’ కటింగ్‌కి మాత్రం లామినేషన్ చేయించారు! పేపర్లో వచ్చిన వార్త ఒకరు చెప్పగా విన్న మాట కిందే లెక్క అని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది. రాసిన విలేకరి బోనెక్కి ‘అక్కడే ఉన్నాను, నా చెవులతో విన్నాను’ అంటేనే దానికి విలువ.

పరువునష్టానికి సివిల్ దావా ఏడాదిలోపు వేయాలి. అది దాటిపోయింది, మర్చిపోండి. క్రిమినల్ దారి ఉంది. కొత్త చట్టం అమల్లోకి వచ్చిన 2024 జూలై 1కి ముందు జరిగింది కాబట్టి పాత ఐపీసీయే (భారత శిక్షాస్మృతి) వర్తిస్తుంది. సెక్షన్ 509 (స్త్రీని అవమానించే మాటలు), 500 (పరువునష్టం) రెండింటికీ గడువు మూడేళ్ళు, అంటే 2027 ఏప్రిల్ దాకా. చివరి వారం దాకా ఆగకండి. 509కి పోలీసులు ఎఫ్ఐఆర్ కట్టాలి. ‘ఎన్నికల గొడవలేమ్మా, వదిలేయండి’ అంటే ఫిర్యాదును ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపి, రసీదుతో మేజిస్ట్రేట్ కోర్టుకు వెళ్ళండి. 500కి మాత్రం మీరే కోర్టులో ప్రైవేట్ కంప్లయింట్ వేసుకోవాలి.

ముందు మీ మరిది గూగుల్ ఫొటోస్ తెరిపించండి. బ్యాకప్‌లో ఆ వీడియో ఉంటే ఉన్నది ఉన్నట్టు పెన్‌డ్రైవ్‌లోకి దించండి. దానికి భారతీయ సాక్ష్య అధినియం (కొత్త సాక్ష్య చట్టం) సెక్షన్ 63 సర్టిఫికెట్, అంటే ఆ వీడియో ఎక్కడి నుంచి ఎలా దించిందో చెప్పే ధ్రువపత్రం కావాలి. ఒక భాగంలో మరిది, రెండో భాగంలో నిపుణుడు సంతకం చేయాలి.

ఇక ఆ వీడియో దొరికితే కట్ చేసి, అభ్యర్థి ఫొటో అంటించి, పంచాయతీ ఎన్నికల ముందు వాట్సాప్ గ్రూపుల్లో వదులుతానంటున్నాడట మీ మరిది. ఖబడ్దార్! ఒక్క సెకను కత్తిరించినా అవతలి లాయరు ‘ఇది తయారు చేసిన వీడియో’ అంటాడు. పైగా కేసు మీ ఇద్దరి మీదకే తిరుగుతుంది.

వీడియో దొరక్కపోతే సాక్షులే దిక్కు. మీ పార్టీ కండువా వేసుకున్న వాళ్ళు వద్దు. ఆ రోజు సభ పక్కనే కొబ్బరి దింపు తీస్తున్న కూలీలు, సెంటర్లో సోడా కొట్టతను ఏం విన్నారో ఈ వారంలోనే అడగండి. ఆ బూతు మాటను మాత్రం మీరు వాళ్ళకు అందించకండి, వాళ్ళ నోటే రానివ్వండి.