తుమ్మికూర కోసే ముందు

చిన్నీ,

ఈసారి చవితికి బెంగళూరులోనే తుమ్మికూర వండుతానన్నావట, మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమైంది నాకు. దొరకదేమోనని టెన్షన్ పడకు, వానలు పడ్డాయంటే ఖాళీ సైట్లలో, రోడ్ల పక్కన దానంతట అదే మొలుస్తుంది. పక్కింటి కన్నడం వాళ్లను "తుంబె" అని అడుగు, శివపూజకు ఆ పూలు వాడతారు కాబట్టి ఎక్కడుందో చెప్తారు.

ఫోన్‌లో ఫొటో చూసి మాత్రం కోసెయ్యకు. కాండం పలకలుగా ఉందా అని చూడమంటారు గానీ తులసికీ పుదీనాకీ కూడా అంతే, అన్నీ ఒకే కుటుంబం. పూలు చూడు. కణుపు దగ్గర కాండం చుట్టూ గుండ్రటి ఆకుపచ్చ గుత్తి, అందులోంచి బయటికొచ్చే చిన్న తెల్లపూలు, పూరేకులు రెండు పెదవుల్లా ఉంటాయి, పై పెదవి మీద నూగు, కింది పెదవి వెడల్పు, కాస్త తాకితే రాలిపోతాయి. అదే తుమ్మి. ఘాటు వాసనతో, ఊదా పూలతో మనిషెత్తు పెరిగేది వేరే మొక్క, అమెరికా ఖండం నుంచి వచ్చి మన దగ్గర పాకింది, దాని జోలికెళ్లకు.

రాజకాలువె (అక్కడ వాననీళ్లూ మురుగూ పారే పెద్ద కాలువ) పక్కన, చెత్త పోసే చోట ఎంత ఏపుగా ఉన్నా వద్దు. శుభ్రమైన చోట లేత కొసలు గిల్లుకో, మొక్కను పీకకు. ఇది ఏడాది మొక్క, విత్తనం రాలితేనే వచ్చే ఏడాది మళ్లీ ఉంటుంది, పైగా తేనెటీగలు, సీతాకోకచిలుకలు ఆ పూల మీదే తిరుగుతుంటాయి. ఆకు చేదుగా ఉంటుంది కాబట్టి నాలుగైదు నీళ్లు మార్చి కడిగి, పెసరపప్పు, వెల్లుల్లి, పచ్చిమిర్చి వేసి, చింతపండు కాస్త ఎక్కువే వెయ్యి.

పాముకాటుకు తుమ్మి రసం మందని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. ఒక్క నిమిషం కూడా ఆగకుండా ఆస్పత్రికి పోవాలి, విషానికి విరుగుడు ఇంజెక్షన్ అక్కడే ఉంటుంది.

అసలు నా మాట వింటే బాల్కనీలోనే పెంచుకో. ఆ ఖాళీ సైట్లలో ఎప్పుడు జేసీబీ దిగుతుందో తెలియదు. గుత్తులు ఎండి గోధుమరంగుకు వచ్చాక కాగితం మీద నలిపితే సన్నటి గింజలు రాలతాయి, అవి దాచుకుని, వచ్చే ఏడాది తొలకరికి ఎర్రమట్టి కుండీలో పైపైన చల్లు, లోతుగా పాతకు. బాగా ఎండ తగలాలి, మట్టి ఆరితేనే నీళ్లు పొయ్యాలి. ఎరువు అక్కర్లేదు.

మీ పెద్దమ్మ