కెమెరా తీసేయండి, మధ్యాహ్నం గిన్నె అత్తయ్యకివ్వండి

ప్రశ్న: మాది నెల్లూరు. ఉద్యోగాల కోసం వచ్చి చెన్నై పెరంబూరులో ఉంటున్నాం. ఈమధ్యే పామరేనియన్ కుక్కపిల్లను తెచ్చుకున్నాం. పేరు చిన్ని, నాలుగు నెలలు. మొదట్లో బాగానే తినేది. ఇప్పుడు డ్రై ఫుడ్ పెడితే వాసన చూసి వెళ్లిపోతోంది. బ్రాండ్లు మార్చి చూశాను, లాభం లేదు. అత్తయ్య ఒళ్లో కూర్చోబెట్టుకుని పెరుగన్నం, ఇడ్లీ, పాలల్లో ముంచిన బిస్కెట్ పెడితే మాత్రం తింటుంది. వద్దంటే "నోరు లేనిదాన్ని మాడుస్తారా" అంటారు. మావారేమో రెండు రోజులు ఏమీ పెట్టకపోతే అదే దారికొస్తుందంటారు. నేను ఆఫీసు నుంచి ఫోన్‌లో హాల్ కెమెరా చూస్తూ ఉంటాను. మొన్న సాంబారన్నం పెట్టడం కనిపించి, అప్పటికప్పుడు ఫోన్ చేసి గట్టిగా అనేశాను. అప్పటినుంచి ఆవిడ నాతో మాట్లాడటం లేదు. మామయ్య పోయాక మా దగ్గరే ఉంటున్నారు. చిన్ని చేత ఎలా తినిపించాలి? ఇంట్లో ఈ టెన్షన్ ఎలా తగ్గుతుంది?

జవాబు: ముందు మీవారి సలహా గురించి చెబుతాను, అది ప్రమాదం కాబట్టి. పెద్ద కుక్క ఒకరోజు తినకపోయినా తట్టుకుంటుంది. పామరేనియన్ లాంటి చిన్నజాతి పిల్ల తట్టుకోలేదు. చాలా గంటలు కడుపు ఖాళీగా ఉంటే రక్తంలో చక్కెర పడిపోతుంది. నీరసపడి, వణికి, నడవలేక తూలిపోతుంది. అలా ఎప్పుడైనా కనిపిస్తే చిగుళ్లకు కాస్త తేనె రాసి వెంటనే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి. కాబట్టి పస్తు పెట్టడమనే మాట మీ ఇంట్లో ఇక వద్దు.

మీరు సాంబారన్నం గురించి కంగారుపడటంలో తప్పేమీ లేదు. ఉల్లి, వెల్లుల్లి పచ్చివైనా ఉడికినవైనా కుక్క ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. పాయసంలో వేసే ఎండుద్రాక్ష మూత్రపిండాలను పాడుచేయగలదు. చాక్లెట్ కూడా విషమే. ఇవి మన వంటింట్లో రోజూ ఉండేవే, పెట్టేవాళ్లకు ఆ సంగతి తెలియదు, అంతే.

ఇప్పుడు చిన్ని సంగతి. నాలుగు నెలలంటే పాలపళ్లు ఊడి గట్టిపళ్లు వచ్చే సమయం. ఆరేడు నెలల వరకూ అది సాగుతుంది. చిగుళ్లు నొప్పి పుడుతుంటే గట్టి గింజలు కొరకలేక వదిలేసి, మెత్తటి ఇడ్లీ తింటుంది. దాన్ని పొగరనుకోకండి. డ్రై ఫుడ్‌ను గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు నాననిచ్చి పెట్టండి. మెత్తబడుతుంది, వాసన కూడా పైకి లేస్తుంది. నానినది మిగిలితే పారేయండి, చెన్నై ఎండలకు ఇట్టే పాడైపోతుంది. ఎండలు ముదిరితే మధ్యాహ్నం తిండి తగ్గించడం మామూలే, పొద్దున్నే, చల్లబడ్డాక ఎక్కువ పెట్టండి. బ్రాండ్లు మార్చడం మాత్రం ఆపేయాలి. ఒకటి నప్పేలోపే ఇంకొకటి మారిస్తే విరేచనాలు పట్టుకుంటాయి, పైగా తినకుండా కూర్చుంటే కొత్త రుచి వస్తుందని అది నేర్చుకుంటుంది. మార్చక తప్పకపోతే పాతదాంట్లో కొద్దికొద్దిగా కలుపుతూ వారం రోజుల్లో మార్చాలి.

ఇదంతా మొదలుపెట్టే ముందు ఒకసారి డాక్టర్‌కు చూపించండి. పళ్లు, నులిపురుగులు, జ్వరం అన్నీ చూస్తారు. వేపేరిలోని మద్రాస్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి మీకు దగ్గరే. 1903లో మొదలైన కాలేజీ అది. వాంతులు, నెత్తుటి విరేచనాలు, మందకొడితనం కనిపిస్తే మాత్రం సెలవు రోజు కోసం ఆగకండి. టీకాలు పూర్తికాని పిల్లల్లో అవి పార్వో అనే వైరస్ జబ్బు లక్షణాలు కావచ్చు, ఒక్కరోజులో ప్రాణం మీదికి వస్తుంది.

ఆ డాక్టర్ దగ్గరికి అత్తయ్యను కూడా తీసుకెళ్లండి. మీ జాబులో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఆవిడే.

భర్త పోయాక సొంతూరు వదిలి వచ్చిన మనిషి. మీరిద్దరూ పొద్దున వెళితే సాయంత్రం వరకూ ఆ ఇంట్లో ఉండేది ఆవిడ, చిన్ని. తన చేత్తో పెట్టింది తినే ప్రాణి చాలాకాలానికి ఒకటి దొరికింది. ఆ సమయంలో హాల్లో ఒక కెమెరా, అటువైపు కోడలు. కుక్కపిల్ల కోసమే పెట్టారని నాకు తెలుసు. కానీ అందులో కనబడేది ఆవిడ కూడా. తను ముద్ద కలిపి పెడుతుంటే చూసి ఫోన్ చేశారంటే, తను ఇన్నాళ్లూ ఒంటరిగా కూర్చున్నది, కునుకు తీసినది, కన్నీళ్లు తుడుచుకున్నది కూడా చూశారేమోనని ఆవిడకు తోచి ఉండదా? ఆవిడ మౌనం సాంబారన్నం గురించి కాదని నా నమ్మకం. ఆ కెమెరా తీసేయండి. తీసేముందు ఆవిడకు చెప్పండి: "అత్తయ్యా, మిమ్మల్ని చూడాలని పెట్టింది కాదు. అయినా మీకు ఇబ్బందిగా ఉంటుందని నాకు తట్టలేదు, నాదే తప్పు." ఈ మాట చెప్పేటప్పుడు కుక్క తిండి ఊసెత్తకండి. రెండూ కలిపితే క్షమాపణ కాస్తా మళ్లీ పాఠం అయిపోతుంది.

తిండి మాట డాక్టర్ నోటి నుంచే రానివ్వండి. కోడలు చెబితే ఆంక్ష, డాక్టర్ చెబితే పథ్యం. ఇంటికి వచ్చాక రోజుకు ఎంత పెట్టాలో పాకెట్ మీద బరువు, వయసు ప్రకారం ఉన్న లెక్క చూసి, వంటింటి తక్కెడలో తూచి నాలుగు డబ్బాల్లో వేయండి. మధ్యాహ్నం డబ్బా అత్తయ్యది. నానబెట్టడం, పెట్టడం, ఎంత తిందో గమనించడం అన్నీ ఆవిడవే, మీరు మధ్యలో ఫోన్ చేయొద్దు. పెరుగన్నం మానిపించాలని నేను అనను. ఉప్పు, తాలింపు లేకుండా చెంచాడు పెరుగన్నం ఆ గిన్నెలోనే కలపొచ్చు. పై తిండి ఏదైనా మొత్తంలో పదోవంతు దాటకుండా చూసుకుంటే చాలు. అరచేతిలో పట్టే ప్రాణానికి రెండు బిస్కెట్లంటే ఒక పూట భోజనం, పాలు పడక విరేచనాలు కూడా కావచ్చు. ఈ రెంటికీ ఇక సెలవు.

గిన్నె కింద పెట్టి పావుగంట, ఇరవై నిమిషాలు ఉంచండి. ఎవరూ చుట్టూ కూర్చుని బతిమాలకండి. తినకపోతే తీసేసి, మళ్లీ వేళకు పెట్టండి, మధ్యలో ఏమీ వద్దు. వరసగా రెండు పూటలు ముట్టకపోతే డాక్టర్‌కు ఫోన్ చేయండి. మొదటి రెండు మూడు రోజులు మారాం చేస్తుంది. అప్పుడు ఎవరో ఒకరు జాలిపడి ఇడ్లీ ముక్క పెడతారు, ఆ ఒకరు మీవారైనా కావచ్చు! అందుకే ముగ్గురూ ముందే కూర్చుని మాట్లాడుకోండి.

వారానికోసారి ఒకే తక్కెడ మీద బరువు చూసి రాసి పెట్టండి. బరువు పెరుగుతూ, హుషారుగా ఆడుకుంటూ ఉంటే గిన్నెలో నాలుగు గింజలు మిగిలినా పట్టించుకోవద్దు. బరువు ఆగిపోతే ఆ కాగితం తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఆ లెక్క రాసే పని కూడా అత్తయ్యకే అప్పగించండి.