వార్డులో డాక్టరు తెల్లకోటు వేసుకోవడం తప్పనిసరా?

పరిశుభ్రత, పేరు కనిపించే గుర్తింపు బ్యాడ్జీ, మర్యాద తప్పనిసరి. పొడుగు చేతుల కోటు మాత్రం కాదు. పందొమ్మిదో శతాబ్దంలో చాలాకాలం ముదురు రంగు కోట్లతోనే రోగులను చూసిన పాశ్చాత్య వైద్యులు, క్రిమిరహిత శస్త్రచికిత్స పద్ధతులు బలపడ్డాక తెలుపుకు మారారు. అయితే కోటు చేతుల అంచులు రోగి ఒంటికీ పరుపుకూ తగిలి సూక్ష్మక్రిములను అంటించుకుంటాయి కాబట్టి, ఇంగ్లండ్ ఆరోగ్యశాఖ 2007లో, రోగులను పరీక్షించేటప్పుడు మోచేతి కింద బట్ట, చేతి గడియారం, నగలు ఉండకూడదని మార్గదర్శకాలిచ్చింది. దీనివల్లనే ఇన్ఫెక్షన్లు తగ్గాయనడానికి గట్టి రుజువు లేకపోయినా, మణికట్టు దాకా చేతులు కడుక్కోవడం సులువవుతుందన్న వాదన సబబైనదే. మన దగ్గర అదే కోటుతో క్యాంటీనుకు వెళ్లి, తిరిగి వార్డుకు వచ్చేవారు ఇంకా కనిపిస్తారు. అది హోదా ప్రదర్శనే తప్ప వృత్తి మర్యాద కాదని నా అభిప్రాయం.

నడవడిక విషయం ఇంతకంటే ముఖ్యం. 2019లో అమల్లోకి వచ్చిన ఎం.బి.బి.ఎస్. పాఠ్యప్రణాళికలో వైఖరి, నైతికత, సంభాషణలకు ప్రత్యేక బోధనాంశం చేర్చారు. ఆచరణలో దాని అర్థం, తన పేరు చెప్పి పలకరించడం, వయసులో పెద్దవారిని చదువు, పేదరికం చూడకుండా 'మీరు' అనడం, పరీక్షకు ముందు తెర వేసి అనుమతి అడగడం, స్త్రీ రోగిని పరీక్షించే పురుష వైద్యుడు నర్సునో మరో మహిళా సిబ్బందినో పక్కన ఉంచుకోవడం, రోగి వివరాలను లిఫ్టులోనో నడవాలోనో చర్చించకపోవడం.