నైటీకి జేబు పెట్టండమ్మా

ప్రశ్న: మేడం నమస్తే. మాది పలాస పక్కన ఊరు. మా డ్వాక్రా గ్రూపులో పదిమందిమి కలిసి నైటీలు, కుర్తీలు కుట్టి కాశీబుగ్గలో అమ్ముతున్నాం. సొంత పేరు పెట్టుకున్నాం, లేడీస్ బ్రాండ్ అంటే ఇలాగే ఉండాలని మా తమ్ముడంటే గులాబీ రంగు ప్యాకెట్లు కూడా వేయించాం. ఆరు నెలలైంది, ఒకసారి కొన్నవాళ్లు మళ్లీ రావట్లేదు. ఆడవాళ్లకి ఏం కావాలో పెద్ద కంపెనీలకి ఎలా తెలుస్తాది? మేం ఏటి చెయ్యాలి?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, పెద్దోళ్లకి అన్నీ తెలుసని అస్సలు అనుకోకండి. అడక్కుండా ఊహించుకుంటే ఎలా ఉంటుందో చూడండి, 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు బొట్టుబిళ్లలకి, గాజులకి పన్ను లేదు, నెలసరి ప్యాడ్లకి మాత్రం 12 శాతం వేశారు, దేశమంతా ఆడవాళ్లు గట్టిగా అడిగితే 2018 జులైలో తీసేశారు. మీ గులాబీ ప్యాకెట్ కూడా అలాంటి ఊహే. కొన్నావిడ దాన్ని ఇంటికెళ్లగానే చింపి పారేస్తుంది, రోజూ వేసుకునేది లోపలున్న నైటీ కదా.

పోనీ వెళ్లి అడుగుదామంటే మనవాళ్లు "బాగానే ఉందిలే" అనేస్తారు, అలాగే పెరిగాం మరి. కోయంబత్తూరు మురుగానందం గారు తక్కువ ధరకి ప్యాడ్లు తయారుచేద్దామని మొదలుపెట్టినప్పుడు మెడికల్ కాలేజీ అమ్మాయిలకి ఇచ్చి, ఎలా ఉన్నాయో కాగితం మీద రాయమన్నారు, తీరా చూస్తే ఇద్దరు ముగ్గురే కూర్చుని అందరి కాగితాలూ నింపేస్తున్నారు! చివరికి ఆయనే ఫుట్‌బాల్ బ్లాడర్‌లో మేక రక్తం నింపి నడుముకి కట్టుకుని, ప్యాడ్ పెట్టుకుని తిరిగి చూసుకున్నారు. 2016లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది.

మీకు అంత కష్టం అక్కర్లేదు, మీరే ఆడవాళ్లు, కొనేవాళ్లు మీ వీధిలోనే ఉన్నారు. అడగడం కంటే చూడటం మొదలుపెట్టండి. సరిపోని వస్తువుని ఆడవాళ్లు తమంతట తాము ఎలా సరిచేసుకుంటున్నారో చూస్తే మీరు కుట్టాల్సింది అక్కడే కనిపిస్తుంది.

మా అమ్మ విజయనగరంలో ఏ నైటీ కొన్నా ఆ సాయంత్రమే కుడిపక్క కుట్టు ఊడదీసి, పాత లంగా గుడ్డతో లోపల జేబు కుట్టుకునేది. పూల నైటీ పక్కన వెలిసిపోయిన ఆకుపచ్చ ముక్క కొంచెం బయటికి కనిపిస్తూ ఉండేది. తాళంచెవి, పాలవాడికి చిల్లర, బీపీ మాత్ర, తర్వాత్తర్వాత ఫోను, అన్నీ అందులోనే. ఎన్ని నైటీలు కొందో, ఒక్క కంపెనీ వాడైనా ఆ జేబు పెట్టలేదు, నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇంకోటి చూడండి, పొలం పనికి వెళ్లేవాళ్లు చీర మీద మొగుడి పాత చొక్కా ఎందుకు వేసుకుంటారు? నిండా చేతులు, ముందు గుండీలు, ఒక జేబు, ఈ మూడూ కలిపి ఆడవాళ్ల బట్టల్లో దొరకవు కాబట్టి. మీ పలాసలో జీడిపిక్కల పనికెళ్లే వాళ్లనే తీసుకోండి, జీడి అంటితే చర్మం కాలి పొక్కిపోతుంది, వాళ్ల చేతుల కొలతకి, చీర మీదకి సరిపోయేలా ఒక పని చొక్కా కుడితే ఎంత బాగుంటుందో! ముందు ఒక్క రోజు వాళ్ల పక్కన కూర్చుని రండి, చెయ్యి ఎంత దూరం సాగుతుందో, చంక దగ్గర ఎక్కడ పట్టేస్తుందో చూసి రండి.

కుర్తీకి కూడా జేబు ఉండాల్సిందే. 2025 ఆగస్టు 15 నుంచి మనకి స్త్రీశక్తి ఫ్రీ బస్సు ఉంది కదా, చంకన పిల్ల, ఒక చెయ్యి కమ్మీ మీద, ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్ తీసుకోవాలంటే ఆ కార్డు ఎక్కడ పెట్టుకోవాలి చెప్పండి?

ఫ్రీ సైజ్ అని మాత్రం రాయకండి. పాలిచ్చే తల్లులకి ముందు జిప్పు పెట్టండి.

ఇప్పటికి పది నైటీలకే జేబు పెట్టండి, ఫోను మొత్తం దిగేంత లోతుండాలి. ఎవరికి అమ్మారో రాసుకుని, నెల తర్వాత వాళ్లింటికి వెళ్లి టీ తాగుతూ ఆ జేబు చూపించమనండి, ఎక్కడ సాగిందో ఎక్కడ చిరిగిందో చూసి నాకు మళ్లీ ఉత్తరం రాయండి.